చెమట ఆరితేనే చలవ

ఎండాకాలంలో అడవికి వెళ్ళేవాళ్ళు సంచిలో మొదట పెట్టుకోవలసింది తువ్వాలు. టోపీ, నల్లకళ్ళద్దాలు, కెమెరా ఆ తర్వాతి సంగతి. పల్నాడులో మిరపకోతకు పోయే కూలీల తలల మీద, మాచర్ల బస్టాండులో నిలబడ్డ పెద్దమనుషుల భుజాల మీద కనిపించే ముతక నూలు తువ్వాలు చేసే పని వేలు పోసి కొన్న సఫారీ టోపీ చెయ్యలేదు. ఊరి మీద అభిమానం కొద్దీ అంటున్న మాటనుకోకండి. ఒంటికి వేడి ఎట్లా ఎక్కుతుందో, ఎట్లా దిగుతుందో తెలిసిన వాళ్ళెవరైనా ఇదే అంటారు. ఆ లెక్క ఒక్కటి పట్టుబడితే వెళ్ళేది నల్లమలకైనా, టాంజానియాకైనా సంచిలో ఏముండాలో, ఏం తీసెయ్యాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

పల్నాడు వాళ్ళకు సఫారీ అడవి ఎంతో దూరంలో లేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విజయపురి సౌత్ వైపు నుంచే మొదలవుతుంది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన ఈ అడవి విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలోకీ పెద్దది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్ళింది. మాచర్ల నుంచి యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ వాళ్ళు జీపులో లోపలికి తీసుకెళ్తారు. చిక్కేమిటంటే జంతువులు బాగా కనిపించే రోజులే మనిషికి బాగా కష్టమైన రోజులు. నల్లమల ఆకురాల్చే అడవి. వేసవి ముదిరేసరికి టేకు, మద్ది మోడువారి చెట్ల సందున చూపు దూరం పోతుంది. వాగులు ఎండిపోతాయి. దుప్పులూ కణుజులూ అడవిపందులూ నీళ్ళు మిగిలిన కుంటల దగ్గరికీ, అటవీశాఖ కట్టించి నీళ్ళు నింపే సాసర్ పిట్ల దగ్గరికీ చేరతాయి. వాటి వెనకే చిరుత, అదృష్టం బాగుంటే పులి. ఆఫ్రికాలోనూ అంతే. జాంబియాలోని లువాంగ్వా లోయలో అక్టోబరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏనుగుల మందలు నది ఒడ్డుకు దిగేదీ అప్పుడే.

ఇక వేడి లెక్క. ఊరికే కూర్చున్నా మనిషి ఒంట్లో దాదాపు 100 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. నడిస్తే అది రెండు మూడింతలవుతుంది. ఆ వేడంతా ఎప్పటికప్పుడు బయటికి పోతేనే లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. చర్మం సుమారు 35 డిగ్రీలుంటుంది. బయటి గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ ఒంటి వేడి దానంతటదే గాలిలోకి పోతుంది. గాలి 35 దాటిందంటే దారి తిరగబడి, వేడి గాలిలోంచి ఒంట్లోకి రావడం మొదలవుతుంది. అప్పుడు మిగిలే ఉపాయం ఒక్కటే, చెమట ఆరడం. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి పట్టుకుపోతుంది. కూర్చున్న మనిషి ఆరున్నర గంటలకు పైగా పుట్టించే వేడి అది! పులికీ సింహానికీ ఈ సదుపాయం లేదు. వాటికి చెమట పట్టేది ముఖ్యంగా పాదాల మెత్తల్లోనే. అందుకే అవి పగలంతా నీడన రొప్పుతూ పడుకుంటాయి, పులి అయితే నీళ్ళలో దిగి కూర్చుంటుంది. మనిషికి ఒళ్ళంతా కలిపి 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి. కానీ ఆరిన చెమటకే విలువ. బొట్లుబొట్లుగా కారి నేలపాలైన చెమట చలవ ఇవ్వదు, నీళ్ళనూ ఉప్పునూ మాత్రం వెంట తీసుకుపోతుంది.

ఇక్కడే పల్నాడు ఎండకూ కోస్తా ఉక్కకూ తేడా తెలుస్తుంది. ఏటా వేసవి వార్తల్లో వినపడే పేరు రెంటచింతల. అక్కడ ఒక మే మధ్యాహ్నం 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఆ గాలిలో ఆడిస్తే పాదరసం 25 దగ్గరికి దిగుతుంది. అదే వేళ బాపట్లలో 36 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకుంటే అక్కడి తడి థర్మామీటరు 30 దగ్గర ఆగిపోతుంది. అంటే రెంటచింతల గాలి ఒంటికి ఎక్కువ వేడి పట్టిస్తుంది, కానీ ఎంత తడినైనా ఇట్టే ఆర్చేస్తుంది. బాపట్ల గాలి అంత వేడి పట్టించదు, చెమటనూ ఆరనివ్వదు. తడి ఉష్ణోగ్రత 35కు చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి బతకలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. తర్వాత అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులతో చేసిన ప్రయోగాల్లో ఒళ్ళు తన వేడిని అదుపులో పెట్టుకోగల హద్దు అంతకన్నా కిందనే ఉందని తేలింది. ఉక్కపోతలో అది 31 దగ్గర ఉంటే పొడి వేడిలో ఇంకా తక్కువ. పొడి వేడిలో ఎందుకు తక్కువ? అక్కడ గాలికి ఆర్చే శక్తి ఎంతో ఉంది, అంత చెమటను ఒళ్ళే పుట్టించలేదు. లోటు నీటిది.

ఆ లోటును పూడ్చేదే తడి తువ్వాలు. ఒళ్ళు ఇవ్వలేని చెమటను బయటి నుంచి మనం ఇస్తున్నామన్నమాట. మట్టికుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ళను చల్లబరచినట్టే ఇదీ. తువ్వాలును నీళ్ళలో ముంచి, కారకుండా పిండి, తల మీదుగా చెవులు కప్పుతూ మెడకు చుట్టుకోవాలి. జీపు కదిలి గాలి తగలగానే మెడ వెనక చల్లదనం దిగుతుంది. పావుగంటో ఇరవై నిమిషాలో గడిచేసరికి అంచులు ఆరి గరుకుగా తగలడం మొదలవుతుంది. మళ్ళీ తడపాలి. అదే జీపులో పొడి చర్మంతో కూర్చుంటే ఆ గాలి మేలు చెయ్యకపోగా వేడిని ఇంకా తెచ్చి ఒంటికి పోస్తుంది. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇందుకే. వడగాలిలో చెవులు కప్పుకొమ్మని మన పెద్దవాళ్ళు పోరేది చాదస్తం కాదు. గుడ్డ ఎండను ఆపుతుంది, వేడిగాలిని నేరుగా చర్మానికి తగలనివ్వదు. ఇదే తడి తువ్వాలు జాంజిబార్ ఉక్కలో మాత్రం అంతగా పనికిరాదు. అక్కడ పలచటి వదులు చొక్కా, నీడ, గాలి కావాలి.

బట్టల సంగతికి వస్తే, నేను రంగు కన్నా ముందు వదులు చూడమంటాను. ఎడారిలో బెడూయిన్లు నల్లటి అంగరఖాలు ఎందుకు తొడుగుతారన్న ప్రశ్నకు 1980లో నేచర్ పత్రికలో ఒక చక్కటి ప్రయోగ ఫలితం వచ్చింది. నెగెవ్ ఎడారిలో మిట్టమధ్యాహ్నం ఒక మనిషిని నల్ల అంగీతో, తెల్ల అంగీతో, సైనిక దుస్తులతో, ఉత్త నిక్కరుతో విడివిడిగా ఎండలో నిలబెట్టి కొలిచారు. నల్ల అంగీ ఎండను ఎక్కువ పీల్చుకున్న మాట నిజమే. కానీ నల్లదైనా తెల్లదైనా చర్మం దాకా చేరిన వేడి ఒక్కటే. అంగీ వదులుగా ఉండటంతో గుడ్డ పట్టిన అదనపు వేడిని లోపల తిరిగే గాలి మోసుకుపోయింది. కాబట్టి ఒంటికి అతుక్కునే తెల్ల టీషర్టు కన్నా రెండు సైజులు వదులైన మంగళగిరి నూలు చొక్కా మేలు. చేతులు పొడుగ్గా ఉంటే ఎండా ఆగుతుంది, దోమా ఆగుతుంది. పలచటి తెల్ల నూలు గుడ్డ అతినీలలోహిత కిరణాలను చాలావరకు లోపలికి వదిలేస్తుంది, తడిస్తే ఇంకా ఎక్కువ వదులుతుంది. ముదురు రంగు, దట్టమైన నేత ఆ కిరణాలను బాగా ఆపుతాయి.

నూలు గొప్పదా, పాలిస్టర్ గొప్పదా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. మామూలు గాలిలో నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. పొడి ఎండలో తడిని పట్టుకుని నెమ్మదిగా ఆరే నూలుదే పైచెయ్యి. సాయంత్రం చలిగాలి మొదలయ్యాక అదే తడి చొక్కా వణికిస్తుంది. అందుకని మార్చుకోవడానికి పొడి చొక్కా ఒకటి ఉండి తీరాలి. రాత్రి ఉతికి తెల్లారి తొడుక్కోవలసిన ప్రయాణాల్లో పాలిస్టర్ కలిసిన బట్టే సుఖం. జీన్స్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. బరువు, ఆరదు, ఆఫ్రికాలో ఇంకో ముప్పు కూడా ఉంది. అక్కడ నిద్రజబ్బును మోసే సెట్సీ ఈగలకు నీలం, నలుపు రంగులంటే మహా ఇష్టం. వాటిని పట్టడానికి వాడే ఉచ్చులను నీలం, నల్ల గుడ్డలతోనే కుడతారు. టాంజానియాలోని టరంగిరే లాంటి చోట్ల నీలం ప్యాంటు తొడిగితే ఆ ఈగలను పిలుచుకున్నట్టే. పలచటి గుడ్డ మీదనుంచి కూడా కుట్టేస్తాయి, దోమల మందు వాటి మీద అంతగా పనిచెయ్యదు.

జంతువుల కంటికి మన రంగులెట్లా కనిపిస్తాయన్నది ఇంకా ఆసక్తికరం. దుప్పి కంట్లో రంగులను పట్టే కణాలు మనకులాగా మూడు రకాలు లేవు, రెండే రకాలు. దానికి నారింజ రంగు పులి పచ్చటి పొదల్లో కలిసిపోతుంది. ఎర్ర చొక్కానూ అది పెద్దగా పట్టించుకోదు. కానీ చెట్టు మీద కొండముచ్చు ఉందే, దానికి మనలాగే మూడు రంగుల చూపు. కొండముచ్చు కూత పెట్టిందంటే కింద మేసే మందంతా తలెత్తుతుంది. తెలుపుతో చిక్కు వేరు. బట్టలు ధగధగలాడటానికి చాలా డిటర్జెంట్ పొడుల్లో కలిపే రసాయనాలు అతినీలలోహిత కాంతిని మింగి నీలం వెలుగుగా విడుస్తాయి. ఆ నీలం వైపు వెలుగును జింకజాతి కళ్ళు బాగా పసిగడతాయి. అడవికి తొడిగే బట్టలను కుంకుడురసంతో ఉతికితే ఈ బాధ ఉండదు. అయితే ఒక మాట. జీపులో కూర్చున్నప్పుడు జంతువుకు కనిపించేది మొత్తం బండే. రంగుల కన్నా అది గమనించేది కదలికనీ, చప్పుడునీ, వాసననీ. మట్టిరంగు చొక్కా తొడిగి ఫోన్లో గట్టిగా మాట్లాడేవాళ్ళకు ఏ జంతువూ కనిపించదు. ఘాటు సెంట్లు కూడా వద్దు. నల్లమల కొండచరియల్లో పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. ఘాటు వాసనా, ముదురు రంగూ వాటిని రెచ్చగొడతాయి. సైనికుల తరహా మచ్చల బట్టలు జాంబియా, జింబాబ్వేల్లో మామూలు జనం తొడగడం నేరం. ఎంత ముచ్చటపడ్డా కొనకండి.

నీళ్ళ విషయంలో జనం రెండు రకాలుగా దెబ్బతింటారు. తాగక కొందరు, నీళ్ళొక్కటే తాగి కొందరు. పొడి గాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది కాబట్టి ఒళ్ళు తడిగా అనిపించదు, పోయిన నీరు కంటికి కనబడదు. తిరుగుతున్నప్పుడు గంటకు ముప్పావు లీటరు చొప్పున, దాహం కోసం చూడకుండా, కొంచెం కొంచెంగా తాగాలి. గంటకు లీటరున్నర దాకా పోనివ్వకూడదు. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది. దాన్ని పూడ్చకుండా నీళ్ళే పోస్తూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. చూసినవాళ్ళు అది కూడా వడదెబ్బే అనుకుంటారు. ఇంట్లో అయితే ఉప్పు వేసిన మజ్జిగను మించింది లేదు. సంచిలో మజ్జిగ పులిసిపోతుంది కనుక ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోవాలి. ఆ పొట్లంలో గ్లూకోజు ఉండేది రుచికి కాదు. పేగు గోడలో గ్లూకోజునూ సోడియాన్నీ జతగా లోపలికి లాగే ద్వారాలుంటాయి, ఆ జంట వెంట నీరూ లోపలికి పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కలరాతో కుప్పకూలిపోతున్న బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణంతోనే ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ఇప్పటి పొట్లం లీటరుకు 20.5 గ్రాములు. లీటరంటే లీటరే కలపాలి. అరలీటరులో కలిపితే చిక్కబడి మేలుకు బదులు కీడు చేస్తుంది.

ఇంట్లో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు ఉంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వాడుతున్న ఇన్సులిన్ సీసా 30 డిగ్రీలు దాటితే క్రమంగా శక్తి కోల్పోతుంది. ఎండలో నిలిపిన కారులో పెట్టారంటే ఆ సీసా మీద ఆశ వదులుకోవలసిందే. ఫ్రిజ్ లేని చోట్ల మట్టికుండల్లో ఇన్సులిన్ దాచడం మీద పరిశోధనలు జరిగాయి, పొడి వాతావరణంలో ఫలితాలు బాగున్నాయి. ప్రయాణానికి నీళ్ళలో తడిపి వాడే చిన్న సంచులు దొరుకుతాయి. బీపీకి నీళ్ళమాత్రలు, జలుబుకూ అలర్జీకీ కొన్ని మందులు వాడేవాళ్ళకు వేడి తట్టుకునే శక్తి తగ్గుతుంది. బయలుదేరే ముందు డాక్టరుతో ఒకసారి మాట్లాడుకోవాలి. ఎండలో ఎవరైనా మాట తడబడి, మనిషిని గుర్తుపట్టలేని స్థితికి వస్తే లోపలి వేడి 40 దాటిందనుకోవాలి. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసురుతూ, 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

కాళ్ళ సంగతి చాలామంది మరిచిపోతారు. బోదగడ్డిలో దిగితే పిడుదులు పడతాయి. వాటికన్నా చిన్నవైన మైట్లనే పురుగుల పిల్లల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, మన జిల్లాలకు అది కొత్తదేం కాదు. లేతరంగు ప్యాంటు అంచులను మేజోళ్ళలో దోపుకుంటే పాకే పురుగు కంటపడుతుంది. తిరిగొచ్చాక స్నానం చేస్తూ చంకలూ గజ్జలూ మోకాళ్ళ వెనకా తడిమి చూసుకోవాలి. వారం, పది రోజుల్లో జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కు కట్టి ఉంటే అడవికి వెళ్ళిన సంగతి డాక్టరుకు చెప్పాలి. ఆ ఒక్క మాటతో రోగనిర్ధారణ సులువవుతుంది. డాక్సీసైక్లిన్ లాంటి చవక మందుకే లొంగే జబ్బు అది.

ఇప్పుడు నైరోబీలోనో దారెస్సలాంలోనో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో రమ్మంటే బయలుదేరే పల్నాడు తల్లిదండ్రుల సంగతి. జనవరి, ఫిబ్రవరి అక్కడ వేసవి అని విని వాళ్ళు స్వెటరు తీసి పక్కన పెట్టేస్తారు. కానీ ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరున్నర డిగ్రీల దాకా చల్లబడుతుంది. మాచర్ల సముద్రమట్టానికి నూరు మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. కెన్యాలోని మసాయి మారా 1,500 మీటర్లు, నైరోబీ 1,700, టాంజానియాలోని గోరోంగోరో బిలం అంచు 2,300. అక్కడి పగటి ఎండ నరసరావుపేట మార్చి ఎండకు చాలదు. తెల్లవారుజామున ఆరింటికి పైకప్పు తెరిచిన జీపులో గాలి కొడుతుంటే మాత్రం మనవాళ్ళ పళ్ళు టకటకలాడతాయి. కాబట్టి వేసవి సఫారీ సంచిలో ఉన్నిటోపీ, స్వెటరు, పైన గాలి ఆపే పలచటి జాకెట్ ఉండాలి. ఒకటే మందపాటి కోటు కన్నా పొరలు పొరలుగా తొడిగి ఎండెక్కే కొద్దీ విప్పుకోవడం మేలు, పొరల మధ్య చిక్కిన గాలే వెచ్చదనం. చల్లగా ఉంది కదా అని ఎండను నమ్మకూడదు. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాలు మరో పది శాతం పెరుగుతాయి. చర్మం చామనఛాయదైనా కళ్ళకూ పెదవులకూ రక్షణ కావాలి. అక్కడ లోపలి ఊళ్ళకు ఎగిరే చిన్న విమానాల్లో సామాను 15 కిలోలకు మించనివ్వరు, అదీ మెత్తటి సంచిలోనే. పెట్టె పనికిరాదు. కెన్యా 2017లో, టాంజానియా 2019లో ప్లాస్టిక్ సంచులను నిషేధించాయి. మన గుడ్డసంచులే సర్దుకుని వెళ్ళాలి.

మలేరియా విషయంలో మనవాళ్ళ ధీమా నన్ను కలవరపెడుతుంది. చిన్నప్పుడు వచ్చి తగ్గింది, ఇక మనకేం కాదనుకుంటారు. ఆ రక్షణ కొన్నేళ్ళలోనే జారిపోతుంది. పైగా ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. బయలుదేరకముందే మొదలుపెట్టి తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు మింగే మాత్రలుంటాయి, అవి డాక్టరు రాసివ్వాలి. ఒంటికి ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఆరాక దోమల మందు రాయాలి.

పచ్చజ్వరం టీకా ఇంకో ముఖ్యమైన సంగతి. కెన్యా లాంటి దేశాల నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ టీకా ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ఇంత పట్టుదల ఎందుకంటే ఆ వైరస్‌ను మోసే ఏడిస్ దోమ మన ఊళ్ళ నిండా ఉంది. డెంగీని పంచేదీ అదే. పచ్చజ్వరం వైరస్ ఒక్కటే ఇప్పటిదాకా మన దేశంలోకి రాలేదు. జబ్బుతో దిగిన ఒక్క ప్రయాణికుణ్ణి ఇక్కడి దోమ కుడితే ఏమవుతుందో ఊహించడానికే భయమేస్తుంది. టీకా హైదరాబాదులో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లోనూ, విశాఖపట్నంలో పోర్టు ఆరోగ్య కార్యాలయంలోనూ వేస్తారు. ధ్రువపత్రం టీకా వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది కాబట్టి టికెట్లు కొన్న వారంలోనే ఆ పని చూసుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుందని 2016లో నిబంధన మారింది. 60 దాటినవాళ్ళకు ఈ టీకాతో అరుదుగా తీవ్రమైన ఇబ్బందులు రావచ్చు కనుక ముందు డాక్టరుకు చూపించుకుని వెళ్ళాలి. ఆ పసుపురంగు కార్డును పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలో ఉంచుకోండి, విమానంలో వేసే సామానులో పెట్టకండి.